మితాక్షరలోని 'ఆద్య' శబ్దము: స్త్రీధనార్థ చరిత్ర

ధర్మశాస్త్రములందు పెద్ద వివాదములు పెద్ద మాటలపైననే పుట్టునని తలంచుట సహజము. ధర్మము, ఋణము, దాయము, దండము మున్నగు మాటల యర్థముపై పండితులు శతాబ్దుల తరబడి వాదించిరి. కాని యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున స్త్రీధనమును నిరూపించు శ్లోకములో 'ఆద్య' అను చిన్న మాట యొకటి యున్నది. 'మొదలైనది' అని దాని యర్థము. ఈ 'మొదలైనది' ఎంత దూరము పోవును, ఎచ్చట నాగును అను ప్రశ్నతో హిందూ స్త్రీల ఆస్తిహక్కు సుమారు తొమ్మిది శతాబ్దులపాటు ముడిపడి యున్నది. ఆ ముడి యెట్లు పడినదో, ఎట్లు సడలినదో, మూలగ్రంథము మొదలుకొని నెల్లూరు మునసబు కోర్టులో నారంభమైన ఒక వ్యాజ్యము వరకు పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము. న్యాయవాదులకు ఇందు కొన్ని సంగతులు తెలిసినవే యగును. సాహిత్య విద్యార్థులకు మాత్రము ఇవి యొక్కచోట దొరకుట అరుదు.

యాజ్ఞవల్క్యుడు స్త్రీధనమును లెక్కించునపుడు తండ్రి, తల్లి, భర్త, సోదరుడు ఇచ్చినదానిని ముందు పేర్కొనెను. వివాహాగ్ని యెదుట లభించినదానిని తరువాత చెప్పెను. పిమ్మట 'ఆధివేదనికము'ను చెప్పెను. భర్త రెండవ పెండ్లి చేసికొనునపుడు మొదటి భార్యకు పరిహారముగా నిచ్చు ధనమునకు అది పేరు. ఈ మాటకే 'ఆద్య' శబ్దము చేరి 'ఆధివేదనికాద్య' మయినది. మన వాడుకలో అరణమనియు, పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన భూమి యనియు చెప్పుకొను ఆస్తి చాలవరకు ఈ పట్టికలోని మొదటి భాగమునకు చెందును. పుట్టినింటివారు పెండ్లినాడు రాసియిచ్చిన ఎకరమో, రెండెకరములో ఆడపడుచు సొత్తని గ్రామములలో నెవ్వరును కాదనరు. చిక్కంతయు పట్టికలో లేనివానితోనే. భర్త చనిపోగా భార్యకు సంక్రమించిన పొలము ఎవరిది? విభాగమున తల్లికి వచ్చిన పాలు ఎవరిది? ఆమె కొనుక్కొన్నది ఎవరిది?

ఈ ప్రశ్నకు కల్యాణ నగరమున సమాధానము చెప్పినవాడు విజ్ఞానేశ్వరుడు. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుండి ఏబది యేండ్లు పాలించెను. ఆ కాలముననే యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య వెలసినది. మితమైన అక్షరములు గలది యని పేరేగాని అది చిన్న గ్రంథము కాదు. దానిని రచించినవాడు పరివ్రాజకుడు. సొంతముగా సెంటు భూమియు నుండరాని సన్న్యాసి దాయవిభాగమును గూర్చి భారతదేశమున మిక్కిలి ప్రసిద్ధమైన గ్రంథము వ్రాయుట ఒక విశేషము. తనకు పాలు లేనివాడు పంపకము చక్కగా చేయునని మనవారనుకొందురు గదా!

విజ్ఞానేశ్వరుడు 'ఆద్య' శబ్దమును దాటిపోలేదు, అచ్చటనే నిలిచెను. వారసత్వమువలన, క్రయమువలన, విభాగమువలన, పరిగ్రహమువలన, నిధి మున్నగునవి దొరకుటవలన వచ్చినదంతయు 'ఆద్య' శబ్దముచే గ్రహింపబడుననియు, అదియెల్ల స్త్రీధనమే యనియు వివరించెను. ఈ ఐదును ఆయన కల్పించినవి కావు. గౌతముడు మానవుని స్వత్వమునకు మూలములుగా చెప్పినవే. పురుషునికి స్వత్వము నిచ్చు కారణములే స్త్రీకిని స్వత్వము నిచ్చునని దీని ఫలితార్థము. దీనికి ఆయన చూపిన యుక్తి వ్యాకరణ మీమాంసలకు సంబంధించినది. స్త్రీధనమను మాట యౌగికము, పారిభాషికము కాదు. స్త్రీయొక్క ధనము స్త్రీధనము. అవయవార్థము పొసగుచుండగా దానిని విడిచి సంకేతార్థమును పట్టుకొనుట తగదు. మనువు స్త్రీధనము ఆరు విధములని చెప్పినాడే యను ఆక్షేపమునకును ఆయన సమాధానము చెప్పెను. ఆ సంఖ్య అంతకు తగ్గరాదని చెప్పుటకేగాని అంతకు మించరాదని చెప్పుటకు కాదట. మాకు తోచినంతవరకు ధర్మశాస్త్ర వ్యాఖ్యానములలో ఇంత తక్కువ మాటలతో ఇంత యెక్కువ ఆస్తిని చేతులు మార్చిన సందర్భము మరియొకటి లేదు.

వంగదేశమున జీమూతవాహనుడు తన దాయభాగమున ఈ శ్లోకమునే మరియొక పాఠముతో చదివెను. అందు 'ఆధివేదనికాద్యం' లేదు. 'ఆధివేదనికం చైవ' అని యున్నది. రెండక్షరముల మార్పుతో 'మొదలైనది' తొలగిపోయినది, పట్టిక మూతపడినది. జీమూతవాహనునికి స్త్రీధనమనగా భర్త యధీనము లేకుండ ఆమె దానము చేయుటకు, అమ్ముటకు, అనుభవించుటకు శక్తిగలది మాత్రమే. పాఠభేదములు కావ్యముల సొగసునకు సంబంధించిన ముచ్చటలని తలంచు విద్యార్థులకు ఈ యుదాహరణము చూపదగియున్నది. తాళపత్రముపై ఒక 'ఆద్యం' ఉండుట లేకుండుటను బట్టి గంగాతీరమున ఒక న్యాయము, గోదావరీ తీరమున వేరొక న్యాయము నిలిచినవి.

అయినను మితాక్షరను చూచి పూర్వులు స్త్రీలకు సర్వమును ఇచ్చివేసిరని పొంగిపోవువారితో మేమేకీభవింపజాలము. అదే గ్రంథము అవిభక్త కుటుంబమున జన్మమాత్రముచే స్వత్వము కుమారులకే కల్పించినది. కుమార్తె ఆ యింట పుట్టియు దానికి వెలుపలనే నిలిచినది. కరవునందును, ధర్మకార్యమునందును, వ్యాధియందును, నిర్బంధమునందును భర్త భార్యధనము తీసికొన్నచో తిరిగి ఇయ్యనక్కరలేదని యాజ్ఞవల్క్యుడే చెప్పియున్నాడు. ఇక వ్యాఖ్యలో వ్రాసినది పల్లెలో జరిగినదనుటకు ఆధారమేది? కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించి శాసనము వేయించినది. రాజస్త్రీల దానశాసనములు మనకిట్టివి పెక్కు గలవు. అవి రాజస్త్రీల సంపదను చెప్పునుగాని కాపువనిత హక్కును చెప్పవు. విజ్ఞానేశ్వరుడు తెరచినది గ్రంథములోని తలుపు. ఆ తలుపు గుండ ఎందరు నడచిరో చెప్పుట చరిత్రకారునికి సాధ్యము కాదు.

ఈ గ్రంథము తెలుగునేలకు వచ్చిన తీరు మనకు ప్రత్యేకముగా గమనింపదగినది. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దీనిని తెలుగు పద్యములలో సంగ్రహించెను. దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చి అభినవదండి యనిపించుకొన్న కేతనయే, తెలుగునకు తెలుగులో తొలి వ్యాకరణమైన ఆంధ్రభాషాభూషణమును వ్రాసిన కేతనయే ఈ పనికిని పూనుకొనెను. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్తములను మూడు కాండములును అందున్నవి. తన గ్రంథమునకు కేతన యాజ్ఞవల్క్యము అని పేరు పెట్టలేదు. విజ్ఞానేశ్వరము అని పెట్టెను. ఋషి పేరు కాక వ్యాఖ్యాత పేరు గ్రంథమునకు వచ్చుట మాకర్థవంతముగా తోచుచున్నది. స్మృతి యనగా స్మృతి అక్షరములు కావు, విజ్ఞానేశ్వరుడు చదివిన చదువే స్మృతి యని ఆనాటి తెలుగు పండితులు అంగీకరించిరన్నమాట. తిక్కన మంత్రిగా నుండిన మనుమసిద్ధి నెల్లూరు ఈ సాహిత్యమునకు నెలవు. సంస్కృతము రాని గ్రామపెద్దకు, కరణమునకు, వ్యాపారికి ధర్మశాస్త్రమును చెవినిబడునట్లు చేయవలెనన్న సంకల్పము అచ్చట కలిగినది. నెల్లూరు ఈ కథలో మరల వచ్చును గనుక ఇచ్చట జ్ఞాపకముంచుకొనవలెను.

తరువాతి అయిదారు శతాబ్దుల వృత్తాంతమును విస్తరింపము. 1772లో వారన్ హేస్టింగ్సు హిందువులకు వారసత్వ వివాహాదులందు శాస్త్రమే ప్రమాణమని నిర్ణయించెను. ఆ శాస్త్రమేదో ఆంగ్ల న్యాయాధిపతులకు తెలియదు. పదునొకండుగురు పండితులు సంస్కృతమున కూర్చిన వివాదార్ణవసేతువును పారసీలోనికి, పారసీనుండి హాల్‌హెడ్ ఇంగ్లీషులోనికి మార్చగా 1776లో అది లండనులో అచ్చయినది. రెండు భాషలు దాటి వచ్చిన ధర్మము ఎట్లుండునో ఊహించుకొనవచ్చును. 1810లో కోల్‌బ్రూకు కలకత్తాలో దాయభాగమును, మితాక్షరలోని దాయప్రకరణమును నేరుగా సంస్కృతమునుండి అనువదించి ప్రకటించెను. ఇది పాండిత్యముతో కూడిన పని. 'ఆద్య' శబ్దమునకు విజ్ఞానేశ్వరుడు చెప్పిన ఐదు మూలములును అందు యథాతథముగా నున్నవి. తరువాత జరిగినదానికి అనువాదకుని దోషము కారణమని కొందరు వ్రాయుచుందురు; అది సరికాదు. 1864 వరకు కోర్టులలో పండితుల నియామకముండెను. ఆ యేట ఆ పదవులు రద్దయినవి. ధర్మశాస్త్రము తమకిప్పుడు తెలియునని కోర్టులు తలంచినవి.

మూడేండ్లు గడువగానే ప్రశ్న ప్రివీకౌన్సిలు ముందునకు వచ్చినది. 1867 నాటి భగవాన్‌దీన్ దూబే వ్యాజ్యములో భర్తనుండి వితంతువుకు వారసత్వముగా వచ్చిన ఆస్తి స్త్రీధనమా కాదా యనునది వివాదాంశము. అది బనారసు సంప్రదాయమునకు, అనగా మితాక్షరకు లోబడిన వ్యాజ్యమే. కాదని తీర్పు వచ్చినది. ఇతర ప్రమాణములను, వాడుకను, పూర్వపు తీర్పులను పట్టుకొని, మితాక్షర వాక్యమున కున్న విశాలార్థమును న్యాయాధిపతులు ప్రక్కకు నెట్టిరి. మరుసటి యేడు రామనాథపుర జమీందారీ వ్యాజ్యములో ప్రివీకౌన్సిలే ఒక సూత్రము నేర్పరచినది. రూఢిగా నిరూపితమైన ఆచారము వ్రాతలోని శాస్త్రముకంటె బలవత్తరమని, ప్రాచీన గ్రంథమునుండి ఏది తేలునో యనుటకంటె ఆయా సంప్రదాయములవారు దేనిని స్వీకరించిరో కనుగొనుట న్యాయాధిపతి ధర్మమని దాని భావము. వినుటకిది న్యాయముగనే యున్నది. కాని స్వీకరించినవారెవరు? దత్తత, దాయము, విభాగములందు ఆచారమును గూర్చి సాక్ష్యము చెప్పినవారు దాయాదులు, కరణములు, కులపెద్దలు. స్త్రీ ఆస్తిని గూర్చిన ఆచారమునకు ఆ ఆస్తి తమకు చేరవలెనని కోరువారే తరచు సాక్షులు. ఆచారము బలవత్తరమను సూత్రములోని ఈ లోపమును ఆనాడెవ్వరును పట్టించుకొన్నట్లు తోచదు. 1877లో మద్రాసు ఉద్యోగియైన జె. హెచ్. నెల్సను హైకోర్టు అమలుజరుపు హిందూ న్యాయము ప్రజలది కాదని పెద్ద పుస్తకమే వ్రాసెను. ఆయన కలహము సంస్కృత గ్రంథములను సర్వజాతులవారికి రుద్దుటపైన.

1903లో తలుపు పూర్తిగా మూసికొన్నది. స్త్రీ స్త్రీనుండి, అనగా కుమార్తె తల్లి స్త్రీధనమునుండి వారసత్వముగా పొందినదియు ఆమె స్త్రీధనము కాదని షివశంకర్ లాల్ వ్యాజ్యములో తీర్పు వచ్చినది. తల్లి చేతిలో స్త్రీధనమైనది కూతురి చేతిలోనికి రాగానే ఆ స్వభావము కోల్పోవునట! బొంబాయి రాజధానిలో మాత్రము పుట్టినింటి స్త్రీలకు వేరు విధమైన న్యాయము నడచినది. తక్కిన మితాక్షర దేశములలో, మన తెలుగు జిల్లాలతో సహా, 'ఆద్య' శబ్దములోని మొదటి అంశమైన వారసత్వము చెరిగిపోయినది. విభాగములో వచ్చిన పాలునకు కూడ అదే గతి పట్టినది.

దీని ఫలము ఇంటింట తెలిసినదే. భర్త ఆస్తి వితంతువుకు వచ్చినను ఆమెకు జీవితపర్యంతపు పరిమిత హక్కు మాత్రమే. చట్టము ఒప్పుకొనిన అవసరము లేనిదే అమ్మరాదు, దానమీయరాదు. ఆమె పోయిన పిదప ఆస్తి ఆమె వారసులకు పోదు. భర్త దాయాదులలో అప్పటికి సమీపుడెవరో వానికి పోవును. రివర్షనరు అని వానికి పేరు. ఒక వృద్ధ స్త్రీ ఎప్పుడు కన్ను మూయునా యని ఎదురుచూచుట ఒక హక్కుగా నేర్పడిన వింత ఇది. ఆమె బాకీ తీర్చుటకో, కూతురి పెండ్లికో అమ్మిన చెక్కను గూర్చి ఆమె మరణించిన తరువాత దావాలు నడచెడివి. అవసరము నిజమేనని కొన్నవాడు నిరూపింపవలసియుండెను.

1937లో వచ్చిన చట్టము వితంతువుకు కుమారునితో పాటు పాలు నిచ్చినది. కాని ఆ పాలునందును పరిమిత హక్కే. అదియును వ్యవసాయభూములకు చెల్లదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పినది. పల్లెలలో భూమి కాక మరేమున్నది? ఆ యేడే బి. ఎన్. రావు అధ్యక్షతన ఏర్పడిన సంఘము హిందూ న్యాయమును సమగ్రముగా పరిశీలించినది. ఆ సంఘపు కృషినుండి హిందూ కోడు బిల్లు పుట్టినది. దానిని నెగ్గించుకొనలేక అంబేద్కరు 1951 సెప్టెంబరులో న్యాయమంత్రి పదవికి రాజీనామా చేసెను. ఆ బిల్లు ముక్కలు ముక్కలుగా చట్టములైనది. హిందూ వారసత్వ చట్టము 1956 జూన్ 17 నుండి అమలులోనికి వచ్చినది. దానిలోని 14వ సెక్షను మొదటి ఉపవిభాగము స్త్రీ స్వాధీనమందున్న ఆస్తి యంతయు ఆమెకు సంపూర్ణ హక్కుతో చెందునని, పరిమిత హక్కు కాదని చెప్పినది. ఆస్తి యనగా నేమి? వివరణములో పట్టిక యున్నది: వారసత్వము, వీలునామా, విభాగము, మనోవర్తికి బదులుగా ఇచ్చినది, దానము, స్వశక్తితో ఆర్జించినది, క్రయము, చిరకాలానుభవము. పట్టిక చివరను, మరి యే విధముగ లభించినదైనను అను అర్థము గల మాటలు గలవు. విజ్ఞానేశ్వరుని పట్టికను దీని ప్రక్కన పెట్టి చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. వారసత్వము, క్రయము, విభాగము తిరిగి వచ్చినవి. 'ఆద్య' శబ్దము ఇంగ్లీషు వాక్యమై పట్టిక కొసన నిలిచినది. చట్టము వ్రాసినవారు మితాక్షరను చూచి వ్రాసిరని మేమనుట లేదు. ప్రివీకౌన్సిలు మూసినది తెరువవలెనన్న వారు ఆ చోటికే రాకతప్పలేదు.

అయితే అదే సెక్షనులో రెండవ ఉపవిభాగమొకటి యున్నది. దానపత్రమో, వీలునామాయో, డిక్రీయో పరిమిత హక్కునే ఇచ్చినట్లు వ్రాసియున్నచో మొదటి ఉపవిభాగము దానికి వర్తింపదు. ఒక చేతితో తెరచిన తలుపును మరియొక చేయి పట్టుకొన్నట్లయినది.

ఇచ్చట మనము నెల్లూరునకు తిరిగి రావలెను. న్యాయగ్రంథములందు తులసమ్మ వ్యాజ్యమని ప్రసిద్ధమైనది ఆ జిల్లాలోనిదే. ఆమె భర్త 1931లో అవిభక్త కుటుంబమున మరణించెను. 1937 చట్టము నాటికి ముందే పోయెను గనుక ఆమెకు పాలు లేదు. మనోవర్తి మాత్రమే గలదు. 1944లో మరిదిపై మనోవర్తికి దావా వేసి డిక్రీ పొందినది. 1949లో ఆ డిక్రీ అమలు సందర్భమున రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమెకు ఇయ్యబడినది. ఆమె బ్రతికినంతకాలము అనుభవింపవలెను, అమ్మరాదు అని షరతు. 1956 చట్టము వచ్చిన తరువాత ఆమె అందు కొంత కౌలుకిచ్చినది, కొంత అమ్మినది. 1961లో ఎదుటి పక్షము నెల్లూరులో దావా వేసినది: ఇది రాజీ డిక్రీవలన వచ్చిన పరిమిత హక్కు, రెండవ ఉపవిభాగము క్రింద వచ్చును, అమ్మకము చెల్లదు అని. మొదటి కోర్టు వారిదే న్యాయమన్నది. జిల్లా కోర్టు ఆమెది న్యాయమన్నది. హైకోర్టు తిరిగి వారిదన్నది. ఒకే సెక్షను, ఒకే రాజీపత్రము, మూడు కోర్టులు. చదువరులు గమనింపవలసినది, ఏ కోర్టును చట్టమును ఉల్లంఘింపలేదు. అందరును చట్టమునే చదివిరి.

1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పినది. ముగ్గురు న్యాయమూర్తులలో ఫజల్ అలీ గారు తమ తీర్పులో భార్య మనోవర్తి హక్కును ధర్మశాస్త్ర మూలములనుండి విచారించిరి. భార్యను పోషించుట ఒకరి దయ కాదు. శాస్త్రము భర్తపైనను, అతని ఆస్తిపైనను మోపిన విధి. కాబట్టి 1949 నాటి రాజీ ఆమెకు క్రొత్త హక్కేదియు ఇయ్యలేదు. ముందే యున్న హక్కును గుర్తించినది. రెండవ ఉపవిభాగము క్రొత్తగా పుట్టించిన హక్కులకే వర్తించును. అందుచే షరతు తొలగిపోయి ఆస్తి సంపూర్ణముగా ఆమెదైనది. తమ ప్రత్యేకాభిప్రాయములో భగవతి గారు ఈ సెక్షను న్యాయవాదులకు స్వర్గమై కక్షిదారులకు అంతులేని గందరగోళమైనదని బాధపడిరి. ఆమె మొదటి దావానాటికి ముప్పదిమూడేండ్లు, భర్త పోయిననాటికి నలుబదియారేండ్లు గడచినవి. ఒక స్త్రీ తాను తినుచున్న పొలము తనదని తెలిసికొనుటకు పట్టిన కాలమిది. హక్కు ఆమెకు 1956లోనే వచ్చినదని తీర్పు చెప్పుచున్నది. అది వచ్చినట్లు ఆమెకు చెప్పగలవారు ఇరువదియొక్క యేండ్లకు గాని దొరకలేదు.

మితాక్షర స్త్రీకి నిరాకరించిన రెండవ విషయము, అనగా జన్మచే వచ్చు స్వత్వము, తరువాత కదలినది. ఆంధ్రప్రదేశ్ చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితులైన కుమార్తెలను సమాంశభాగినులుగ చేసినది. కేంద్రచట్టము 2005 సెప్టెంబరు 9 నుండి వివాహితులకును ఆ హక్కు నిచ్చినది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించియుండనక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చినది. ఈ కథ వేరు వ్యాసమునకు తగినది.

స్త్రీధనార్థము మాత్రము ఇంకను కుదుటపడలేదు. తులసమ్మ తీర్పు తరువాత వచ్చిన పెక్కు తీర్పులు రెండు ఉపవిభాగముల నడుమ గీతను ఒక్కొక్కటి ఒక్కొక్కచోట గీసినవి. వీలునామాద్వారా భర్త భార్యకు జీవితపర్యంతపు హక్కు వ్రాసిన సందర్భములే ఇందెక్కువ. 2024 డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ భేదములను పేర్కొని, 14వ సెక్షను ఉపవిభాగముల అన్వయమును విస్తృత ధర్మాసనమునకు నివేదింపవలెనని ఆదేశించినది. ఆ విచారణలో వాదింపబడునది పరిమితి వ్రాసిన పత్రము గెలుచునా, పట్టిక చివరి మాటలు గెలుచునా యనునదే.